సునాదం మోసుకెళ్లిన తొమ్మిదిమంది

బైబిలులో 120వ కీర్తన మొదలుకొని 134వ కీర్తన వరకు పదిహేను కీర్తనలకు పైన 'యాత్రకీర్తన' అన్న మాట కనిపిస్తుంది. రోజూ వాక్యం చదివే అలవాటున్నవారు కూడా చాలామంది ఆ చిన్న మాటను దాటుకుని ముందుకు వెళ్లిపోతుంటారు. ఇశ్రాయేలీయులు ఏడాదికి మూడుసార్లు పండుగలకు దేవుని సన్నిధికి వెళ్లాలన్నది ధర్మశాస్త్రం (ద్వితీ 16:16). ఊరివారంతా కలిసి, బంధువులు స్నేహితులు ఒక గుంపుగా కొండదారిన యెరూషలేముకు నడుస్తూ ఈ కీర్తనలు పాడుకునేవారని బైబిలు పండితులు చెబుతారు. అంటే దేవుని ప్రజలకు ప్రయాణం, పాట మొదటినుంచీ తోబుట్టువులే. ఒంటరిగా నడిచేవాడికి దారి బరువు. పాడుతూ నడిచే గుంపుకు అదే దారి ఆరాధన.

ఇప్పుడు మన సంఘాల యువతీ యువకులు కూడా పాటతో ప్రయాణాలు చేస్తున్నారు. డిసెంబరు వచ్చిందంటే క్యారల్స్ రౌండ్లు, వేసవి సెలవుల్లో పక్క జిల్లాల కన్వెన్షన్లు, కాలేజీ క్వయర్ల పోటీలు, గిటారు, కీబోర్డు, తబలా మోసుకుంటూ రైళ్లలో వ్యానుల్లో తిరిగే బృందాలు. ఈ ప్రయాణాలు ఎందుకోసం? వీటివల్ల ఎవరికి మేలు? ఈ ప్రశ్నలకు జవాబు వెతుకుతూ ఈ వారం మేము అమెరికాలోని ఒక పేద కాలేజీ విద్యార్థుల కథను మీ ముందుంచుతున్నాం. వాళ్లు 1871లో బయల్దేరారు. మొదట ఉన్నది తొమ్మిదిమంది. చేతిలో డబ్బు లేదు, ఒంటిమీద సరైన చలి బట్టలు లేవు. గొంతులో పాట మాత్రం ఉంది.

సంకెళ్లు అమ్మి పుస్తకాలు కొన్న బడి

అమెరికా అంతర్యుద్ధం 1865లో ముగిసింది. దక్షిణ రాష్ట్రాల్లో లక్షలాది నల్లజాతి బానిసలు స్వతంత్రులయ్యారు. కానీ స్వతంత్రుడైన మనిషికి భూమి లేదు, ఇల్లు లేదు, చదువు అసలే లేదు. బానిసకు చదువు నేర్పడం చాలా రాష్ట్రాల్లో చట్టప్రకారం నేరంగా ఉండేది మరి! ఆ పరిస్థితుల్లో అమెరికన్ మిషనరీ అసోసియేషన్ అనే క్రైస్తవ సంస్థ టెన్నెసీ రాష్ట్రంలోని నాష్‌విల్ పట్టణంలో 1866 జనవరిలో ఒక బడిని ప్రారంభించింది. అదే ఫిస్క్ పాఠశాల. మరుసటి ఏడాది అది ఫిస్క్ యూనివర్సిటీ అయింది.

పేరుకు యూనివర్సిటీయే గాని అది నడిచింది యుద్ధకాలంలో సైనికుల ఆసుపత్రి కోసం వేసిన చెక్క కొట్టాల్లో. వాన పడితే కురుస్తాయి, చలిగాలికి అడ్డు ఉండదు. చిన్నపిల్లలతోపాటు ముసలివారు కూడా అక్షరాలు దిద్దుకోవడానికి వచ్చేవారు. పుస్తకాలకు డబ్బు లేకపోతే, నాష్‌విల్‌లో ఒకప్పుడు బానిసలను బంధించి ఉంచిన చోట తుప్పుపట్టి పడి ఉన్న సంకెళ్లను, బేడీలను పాత ఇనుముకు అమ్మి, ఆ డబ్బుతో బైబిళ్లు, అక్షరాల పుస్తకాలు కొన్నారని ఆ కాలేజీ చరిత్ర చెబుతుంది. తమ తల్లిదండ్రుల చేతులకు పడిన ఇనుము పిల్లల చేతుల్లో వాక్యమైంది. ఇంతకంటే గొప్ప ప్రసంగం మనం ఏ వేదిక మీద వినగలం?

అయినా 1871 నాటికి కాలేజీ అప్పుల్లో కూరుకుపోయింది. మూసివేయడం తప్ప దారి లేదన్న మాటలు మొదలయ్యాయి. కాలేజీ కోశాధికారి జార్జ్ ఎల్. వైట్ అనే తెల్లజాతి యువకుడు. కమ్మరి కొడుకు, యుద్ధంలో పోరాడినవాడు, సంగీతం మీద ప్రాణం పెట్టుకున్నవాడు. పిల్లలకు పాటలు నేర్పేది కూడా ఆయనే. ఖాళీ పెట్టెకు కాపలా కాస్తున్న ఆ కోశాధికారికి ఒక ఆలోచన వచ్చింది. ఈ పిల్లలను వెంటబెట్టుకుని ఉత్తర రాష్ట్రాల్లో ఊరూరా పాడిస్తే కాలేజీ నిలబడుతుందేమో!

మిషను పెద్దలు ఒప్పుకోలేదు. ఇది అడుక్కోవడంలా ఉంటుందని, నష్టం వస్తే ఎవరు భరిస్తారని అన్నారు. తల్లిదండ్రులు భయపడ్డారు. నిన్నగాక మొన్న బానిసత్వం నుంచి బయటపడ్డ పిల్లలను తెలియని ఊళ్లకు పంపడమంటే మాటలా! అయినా వైట్ ఆగలేదు. అప్పోసప్పో చేసి, ఉన్న కాస్త డబ్బు చేతపట్టుకుని, 1871 అక్టోబరు 6న తొమ్మిదిమంది విద్యార్థులతో రైలెక్కాడు.

ఎవరు ఆ తొమ్మిదిమంది?

వాళ్లలో ఎక్కువమంది బానిసలుగా పుట్టినవారే. బృందంలో అందరికన్నా చిన్నది మిన్నీ టేట్, వయసు 14 ఏళ్లు. థామస్ రట్లింగ్‌కు తన బాల్యంలో గుర్తున్న మొట్టమొదటి సంగతి, తన తల్లిని అమ్మివేసి తీసుకుపోవడం. బెంజమిన్ హోమ్స్ వీధుల్లో దుకాణాల మీద, తలుపుల మీద రాసి ఉన్న పేర్లు చూసి దొంగచాటుగా చదవడం నేర్చుకున్నాడు. బానిసలను బంధించిన జైల్లో ఉన్నప్పుడు, అధ్యక్షుడు లింకన్ ఇచ్చిన విడుదల ప్రకటనను పత్రికలోనుంచి తోటి బందీలకు చదివి వినిపించింది అతడే. మ్యాగీ పోర్టర్ పదిహేనేళ్లు దాటీ దాటకముందే పల్లెటూరి పిల్లలకు పంతులమ్మ అయింది. ఆమె పాఠాలు చెప్పిన బడిని తెల్లజాతి దురహంకారులు తగులబెట్టారు.

ఇక ఎల్లా షెపర్డ్. ఆమే బృందానికి పియానో వాయించేది, పాటలు దిద్దేది, వైట్ తర్వాత అంతటిది. 1851లో నాష్‌విల్‌లోనే బానిస తల్లికి పుట్టింది. యజమానురాలి ఇంట్లో పడుతున్న బాధలు భరించలేక తల్లి ఒకరోజు పసిబిడ్డను చంకనేసుకుని నదిలో దూకి చనిపోవాలని బయల్దేరిందట. దారిలో ఒక ముసలామె, ఆమె కూడా బానిసే, అడ్డుపడి, ఈ బిడ్డతో దేవునికి పని ఉంది, ఈమె రాజుల ముందు నిలబడుతుంది అని చెప్పి వెనక్కి తిప్పి పంపిందని ఎల్లా పెద్దయ్యాక చెప్పేది. తర్వాత తండ్రి డబ్బు కట్టి కూతురిని విడిపించుకున్నాడు. తల్లి మాత్రం బానిసత్వంలోనే ఉండిపోయి కూతురికి దూరమైంది. సిన్సినాటిలో ఒక తెల్లజాతి సంగీత గురువు ఎల్లాకు పాఠాలు చెప్పడానికి ఒప్పుకుందిగాని ఒక షరతు పెట్టింది. రాత్రివేళ రావాలి, వెనక తలుపు నుంచి రావాలి, ఎవరికీ చెప్పకూడదు. అలా నేర్చుకున్న పన్నెండు పాఠాలతో, చేతిలో ఆరు డాలర్లతో ఆమె ఫిస్క్‌లో అడుగుపెట్టింది.

మొదటి సంపాదన ఎవరికిచ్చారు?

వాళ్లు బయల్దేరిన రెండు రోజులకే షికాగో నగరంలో ఘోరమైన అగ్నిప్రమాదం జరిగింది. అక్టోబరు 8 నుంచి 10 వరకు మంటలు ఆరలేదు. వేలాది ఇళ్లు బూడిదయ్యాయి. అప్పటికి మన విద్యార్థులు సిన్సినాటి పరిసరాల్లో పాడుతున్నారు. అక్కడి కచేరీలో వచ్చిన డబ్బు యాభై డాలర్లు కూడా లేదు. బాకీలున్నాయి, ముందు ఊరికి రైలు చార్జీ కావాలి, ఇంటిదగ్గర కాలేజీ మూతపడే స్థితిలో ఉంది. అయినా ఆ డబ్బంతా షికాగో బాధితులకు ఇచ్చేశారు.

మాసిదోనియ సంఘాల గురించి పౌలు రాసిన మాట ఇక్కడ మనకు గుర్తురావాలి. వాళ్లు నిరుపేదలై ఉండి కూడా శక్తికి మించి ధారాళంగా ఇచ్చారని అపొస్తలుడు సాక్ష్యమిచ్చాడు (2 కొరింథీ 8:1-3). మిగిలినప్పుడు ఇద్దామనుకునేవారికి ఎప్పుడూ మిగలదు. ఆకలి తెలిసిన చేయి ఇంకొకరి ఆకలిని ముందుగా చూస్తుంది. కాలేజీ కోసం బయల్దేరిన ఆ ప్రయాణంలో మొదటి ఫలం తమకేమాత్రం సంబంధంలేని, తమ ముఖం కూడా ఎరగని నగరానికి వెళ్లింది. ఆ తర్వాతి చరిత్రకు పునాదిరాయి అదేనని మేము నమ్ముతున్నాం.

సునాదం అనే పేరు

ఆ మొదటి వారాలు శ్రమతో గడిచాయి. చాలా ఊళ్లలో హోటళ్లవారు నల్లవారికి గది ఇవ్వబోమన్నారు. రైల్వే స్టేషన్లలో అవమానాలు. పాట వినడానికి వచ్చినవారిలో కొందరు, ముఖానికి మసి పూసుకుని నల్లవారిని వెక్కిరించే తెల్లవారి హాస్య ప్రదర్శనలాంటిదే ఇదీ అనుకుని నవ్వుకోవడానికి వచ్చేవారు. చలి ముదిరింది. సంచిలో డబ్బు నిండుకుంది.

ఒహైయో రాష్ట్రంలోని కొలంబస్ పట్టణంలో ఒక రాత్రి వైట్ నిద్రపోకుండా ప్రార్థనలో గడిపాడు. తెల్లవారాక పిల్లలను పిలిచి, ఈ బృందానికి ఒక పేరు దొరికిందని చెప్పాడు. 'జూబ్లీ సింగర్స్'. లేవీయకాండం 25వ అధ్యాయంలోని యాభయ్యవ సంవత్సరం మీద పెట్టిన పేరు అది. ఆ సంవత్సరం వచ్చినప్పుడు దేశమంతటా కొమ్ము ఊదాలి. దాసులైపోయినవారు తమ కుటుంబాలకు తిరిగి వెళ్లాలి. పోగొట్టుకున్న పొలం తిరిగి వారికి చెందాలి. అందరికీ విడుదల!

మన తెలుగు బైబిలులో ఆ జూబ్లీకి వాడిన మాట 'సునాదము'. తెలుగు అనువాదకులు ఎంత అందమైన మాట పట్టుకున్నారో చూడండి. నాదమంటే ధ్వని. సునాదమంటే మంచి ధ్వని. విడుదల అన్నది ముందు చెవికి వినబడాలి, తర్వాతే కాళ్లకు సంకెళ్లు ఊడాలి. ఆ లెక్కన ఫిస్క్ విద్యార్థులను మనం తెలుగులో 'సునాద గాయకులు' అని పిలుచుకోవచ్చు. బానిసల పిల్లలకు ఇంతకన్నా తగిన పేరు ఉంటుందా?

దాచుకున్న పాటలు

ఇక్కడ మనం ఒక ముఖ్యమైన సంగతి గమనించాలి. ప్రయాణం మొదట్లో ఈ విద్యార్థులు ఎక్కువగా పాడింది యూరప్ సంగీతం, అప్పట్లో పేరున్న పాటలు. తాము కూడా తెల్లవారిలా పాడగలమని చూపించాలన్న తపన. తమ తాతలు, తల్లులు పత్తిచేలలో, రాత్రిపూట రహస్య ప్రార్థన కూడికల్లో పాడుకున్న పాటలు వారికి రాక కాదు. వాటిని బయటపెట్టడానికి మనసొప్పలేదు. అవి బానిసత్వపు గుర్తులు. పైగా తల్లిదండ్రులకు పవిత్రమైనవి. వాటిని టిక్కెట్టు కొన్న జనం ముందు పాడి నవ్వులపాలు కావడమా? అందుకే తలుపులు వేసి, కిటికీలకు తెరలు దించి, తమలో తాము మాత్రమే పాడుకునేవారు.

137వ కీర్తనలో బబులోను నదుల దగ్గర కూర్చున్న చెరవారి బాధ సరిగ్గా ఇదే. చెరపట్టినవారు సీయోను పాటలు పాడమంటే, అన్యుల దేశంలో యెహోవా కీర్తనలు ఎలా పాడగలమని వారు తమ సితారాలను నిరవంజి చెట్లకు తగిలించేశారు. పాట లేక కాదు, ఆ పాట విలువ తెలియనివారి ముందు పాడడానికి గుండె రాక.

1871 నవంబరులో ఓబర్లిన్ పట్టణంలో కాంగ్రిగేషనల్ సంఘాల జాతీయ మహాసభ జరుగుతోంది. పాస్టర్లు, పెద్దలు ఎక్కడెక్కడినుంచో వచ్చి చర్చల్లో మునిగి ఉన్నారు. ఆ సభలో ఒక పక్కన కూర్చున్న ఈ పిల్లలు 'స్టీల్ అవే' అనే పాటను చాలా మెల్లగా అందుకున్నారు. యేసు దగ్గరికి చాటుగా చేరుకుందామన్న బానిసల ఆరాటం ఆ పాట. వైట్ వాళ్లకు గొంతు చించుకోవడం నేర్పలేదు. గుసగుసలాంటి సన్నని స్వరంతో మొదలుపెట్టి, పక్కవాడి గొంతులో తన గొంతు కలిసిపోయేలా పాడడం నేర్పాడు. సభలో మాటలు ఆగిపోయాయి. పెద్దల కళ్లు చెమర్చాయి. అంతవరకు అనుమానంగా చూసిన మిషను అధికారులు ఆ తర్వాత బృందానికి అండగా నిలిచారు.

దాచుకున్న ఆ పాటే దారి తెరిచింది. డిసెంబరులో బ్రూక్లిన్‌లోని ప్లిమత్ చర్చిలో ప్రఖ్యాత బోధకుడు హెన్రీ వార్డ్ బీచర్ వారిని తన సంఘం ముందు నిలబెట్టాడు. 1872లో వాషింగ్టన్ వెళ్లి అధ్యక్షుడు గ్రాంట్ ముందు పాడారు. అదే ఏడాది ఆ పాటలు స్వరాలతో సహా పుస్తకంగా అచ్చయ్యాయి. లేకపోతే అందులో ఎన్ని పాటలు పాడిన ముసలివారితోనే మట్టిలో కలిసిపోయేవో! ఆ మొదటి పర్యటన ముగిసేసరికి ఖర్చులు పోను 20,000 డాలర్లు పోగయ్యాయి. బాకీలు తీరాయి. కాలేజీకి కొత్త స్థలం వచ్చింది.

రాణి ముందు నిలిచిన బిడ్డ

1873లో వాళ్లు సముద్రం దాటి ఇంగ్లండు వెళ్లారు. పేదల పక్షాన పోరాడిన షాఫ్ట్స్‌బరీ ప్రభువు వారిని ఆదరించాడు. ఆ వసంతంలోనే విక్టోరియా రాణి వారి పాట విన్నది. చావడానికి నదివైపు నడిచిన తల్లి చంకలోని ఆ పసిబిడ్డ, ఎల్లా షెపర్డ్, ఇప్పుడు రాణి ముందు నిలబడి ఉంది! తన పనిలో నిపుణత గలవాడు రాజుల ఎదుట నిలుస్తాడని సామెతల గ్రంథం చెప్పిన మాట (22:29) అక్షరాలా నెరవేరింది. మన బోధకులంతా అభిమానించే స్పర్జన్ గారి లండన్ టాబర్నకల్‌లో కూడా వారు పాడారు. మూడీ, సాంకీల సువార్త సభల్లో వారి పాట వేలాదిమందిని కదిలించింది.

బ్రిటన్‌లో దాదాపు 50,000 డాలర్లు వచ్చాయి. ఆ డబ్బుతో నాష్‌విల్‌లో ఆరంతస్తుల జూబ్లీ హాల్ లేచింది. 1876 జనవరి 1న దాన్ని ప్రతిష్ఠించారు. దక్షిణ రాష్ట్రాల్లో నల్లజాతివారి ఉన్నత విద్య కోసం కట్టిన మొట్టమొదటి శాశ్వత భవనం అదే. అది ఇప్పటికీ నిలిచే ఉంది. పాటలు ఇటుకలైన భవనం అది. తర్వాతి కాలంలో నల్లజాతి హక్కుల కోసం కలం పట్టిన మహామేధావి డుబాయిస్ 1888లో పట్టా పుచ్చుకున్నది ఆ కాలేజీలోనే.

వాళ్లు చెల్లించిన వెల

ఇంతవరకు చెప్పి ఆపేస్తే మేము సగం నిజమే చెప్పినట్టవుతుంది. ఆ ఏడేళ్ల ప్రయాణాలకు ఆ పిల్లలు చాలా పెద్ద వెల చెల్లించారు. రోజుకో ఊరు, రాత్రికో కచేరీ. జబ్బుపడ్డా విశ్రాంతి దొరికేది కాదు. బెంజమిన్ హోమ్స్ క్షయవ్యాధితో యవ్వనంలోనే చనిపోయాడు. వైట్ భార్య 1874లో స్కాట్లండులో విషజ్వరంతో కన్నుమూసింది. వైట్ కూడా చావు అంచుల దాకా వెళ్లొచ్చాడు. చివరికి 1878లో జర్మనీలో బృందం చెదిరిపోయింది. అప్పటికి కాలేజీకి చేరిన మొత్తం 1,50,000 డాలర్లు. కాని కాలేజీని బతికించడానికి బయల్దేరిన ఆ మొదటి విద్యార్థుల్లో చాలామందికి ఆ కాలేజీ పట్టా మాత్రం అందలేదు. పాఠాలు వదిలి వెళ్లినవారికి తిరిగి తరగతిలో కూర్చునే తీరిక దొరకలేదు.

గోధుమగింజ భూమిలో పడి చస్తేనే విస్తారంగా ఫలిస్తుందని ప్రభువు అన్నాడు (యోహాను 12:24). నిజమే. అయితే ఆ గింజను నేలలో వేసే చేతులకు కూడా బాధ్యత ఉంటుంది. పిల్లల త్యాగాన్ని పొగడటం తేలిక. వాళ్ల ఆరోగ్యం, వాళ్ల చదువు ఎవరు చూడాలి? సేవ పేరుతో యువతను పరుగులెత్తించే ప్రతి నాయకుడూ ఈ ప్రశ్న తనకు తాను వేసుకోవాలి.

ఎల్లా షెపర్డ్ అలసిపోయినా ఆగలేదు. సంపాదించినదాంతో తల్లిని తన దగ్గరికి తెచ్చుకుని కాపాడుకుంది. ఒక దైవసేవకుణ్ని పెళ్లాడి, చనిపోయే వరకు, అంటే 1914 వరకు, తన ప్రజల మధ్య పరిచర్య చేసింది. బృందంలో తర్వాత చేరిన ఫ్రెడరిక్ లౌడిన్ సొంతంగా మరో బృందాన్ని కట్టుకుని 1884 నుంచి ఆరేళ్లు ప్రపంచం చుట్టాడు. ఆ ప్రయాణంలో ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌ల తర్వాత మన భారతదేశానికి కూడా వచ్చి పాడి వెళ్లాడు. అలా అమెరికా బానిసల ఆరాధన పాట మన నేల మీద కూడా మోగింది.

ఫిస్క్ విద్యార్థుల బృందం ఆ తర్వాత మళ్లీ నిలదొక్కుకుంది. ఇప్పటికీ ప్రయాణిస్తోంది, ఇప్పటికీ పాడుతోంది. 2007లో ఘనా దేశం స్వాతంత్ర్యం పొంది యాభై ఏళ్లయిన సందర్భంగా అక్కడికి వెళ్లి పాడింది. ఒకప్పుడు బానిసలను ఓడలకెక్కించిన కోటలున్న తీరం అది. సరిగ్గా యాభయ్యవ ఏట, విడుదల పొందినవారి బిడ్డలు విడుదల పాటతో ఆ నేలకు వెళ్లారు! లేవీయకాండం చదివినవారికి ఇది కాకతాళీయంగా తోచదు. ఘనాలోనే పుట్టిన పాల్ క్వామీ 1994 నుంచి 2022లో మరణించే వరకు ఆ బృందాన్ని నడిపించారు. ఆయన వేదిక మీద నిలబడి చేతులు ఊపి పాడించేవారు కాదు. ఒకరి ఊపిరి ఒకరు వింటూ పాడటమే వారి పద్ధతి. 2021లో ఆ బృందానికి గ్రామీ పురస్కారం దక్కింది. ప్రతి ఏటా అక్టోబరు 6న విద్యార్థులు పాటలు పాడి, తమ ముందుతరం గాయకుల సమాధుల దగ్గరికి నడిచి వెళ్తారు.

మన క్వయర్లకు నాలుగు మాటలు

ఈ కథ విని చప్పట్లు కొట్టి ఊరుకుంటే లాభం లేదు. మన ఊళ్లలో పాటతో బయల్దేరే యువత, వారిని నడిపించే పెద్దలు ఆలోచించాల్సిన సంగతులు కొన్ని ఉన్నాయి.

మొదటిది, ఎందుకు వెళ్తున్నాం? ఫోటోల కోసమా, పక్క సంఘం క్వయర్ కన్నా మనమే గొప్ప అనిపించుకోవడానికా? ఫిస్క్ పిల్లలకు జవాబు స్పష్టంగా తెలుసు. తమ తర్వాతివారికి బడి ఉండాలి. మన క్యారల్స్ బృందం కూడా ఈ ఏడాది ఒక పేద విద్యార్థి ఫీజు కోసం, ఒక రోగి మందుల కోసం పాడుతున్నామని ముందే నిర్ణయించుకుంటే, ప్రతి ఇంటి గుమ్మంలో ఆ పాటకు బరువు వస్తుంది.

రెండవది, లెక్క. ఇంటింటా తిరిగి పోగుచేసిన కానుక పైసా పైసా సంఘం ముందు చదివి వినిపించాలి. పౌలు అంతటివాడు కూడా యెరూషలేము పేదలకు చందా తీసుకెళ్లేటప్పుడు తన మీద ఎవరూ తప్పు మోపకుండా ఇతరులను వెంట పెట్టుకున్నాడు (2 కొరింథీ 8:19-21). లెక్క చెప్పిన బృందానికి మరుసటి ఏడాది తలుపులు వాటంతటవే తెరుచుకుంటాయి.

మూడవది, భద్రత. పన్నెండేళ్ల యేసు పండుగకు వెళ్లి తిరిగి వస్తున్నప్పుడు, గుంపులోనే ఉన్నాడనుకుని తల్లిదండ్రులు ఒక రోజు ప్రయాణం సాగిపోయారు (లూకా 2:44). గుంపులో ఉన్నారనుకోవడం వేరు, లెక్కపెట్టి చూసుకోవడం వేరు. ఫిస్క్ బృందం 1871లో బయల్దేరినప్పుడే ఆడపిల్లల బాగోగులు చూడటానికి మేరీ వెల్స్ అనే ఉపాధ్యాయురాలిని వెంట తీసుకెళ్లింది. మన ఆడపిల్లలు రాత్రి రౌండ్లకు వెళ్తుంటే తోడుగా సంఘంలోని అక్కలు, అమ్మలు ఉన్నారా? వ్యాను నడిపేవాడు నిద్రపోయి ఎన్ని గంటలైంది? తల్లిదండ్రులకు ఎన్నింటికి వస్తామో చెప్పామా? ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు తలలు లెక్కపెట్టామా? పరీక్షలు దగ్గరున్న పిల్లలను ఇంట్లో ఉండి చదువుకోమన్నామా? ఇవి భక్తికి సంబంధంలేని విషయాలు కావు. పిల్లలను కాపాడటం కూడా ఆరాధనే.

నాలుగవది, మన పాట. టీవీల్లో వచ్చే కొత్త పాటలు, ఇంగ్లీషు పాటలు పాడితేనే గొప్పనుకునే యువత మనలో తక్కువేం లేదు. అవి పాడవద్దని మేము అనం. కాని మన నాయనమ్మలు పాడిన పాటలు ఏమైపోతున్నాయి? మాలపల్లెల్లో, మాదిగపల్లెల్లో మొట్టమొదట సువార్త విన్నవారు పొలంపనుల్లో కట్టుకున్న పాటలు, కోలాటం పాటలు, భజన పాటలు ఎవరు రాసిపెట్టారు? 19వ శతాబ్దంలో పురుషోత్తము చౌదరి గారు (1803-1890) ఊరూరా తిరిగి సువార్త చెబుతూ మన రాగాల్లో, మన తాళాల్లో రాసిన కీర్తనలు మన కీర్తనల పుస్తకాల్లో ఉన్నాయి. ఒక్కో కీర్తన పైన రాగం, తాళం పేర్లు అచ్చయి ఉంటాయి. వాటిని ఆ రాగంలో పాడగలిగేవారు సంఘంలో ఎంతమంది మిగిలారు? ఫిస్క్ పిల్లలు సిగ్గుపడి దాచుకున్న పాటలే చివరకు వారి కాలేజీని నిలబెట్టాయి. మన దగ్గర కూడా అలాంటి నిధి ఒకటి అటక మీద దుమ్ముపట్టి ఉందేమో చూడండి. సెల్‌ఫోన్ అందరి చేతిలో ఉన్న రోజులివి. ఈ ఆదివారం ఆరాధన అయ్యాక, మీ సంఘంలో అందరికన్నా పెద్దావిడ పక్కన కూర్చుని, "అమ్మమ్మా, నీ చిన్నప్పుడు పాడిన పాట ఒకటి పాడవా?" అని అడిగి రికార్డు చేయండి. ఎవరు కట్టారో, ఏ ఊరివారో కూడా అడిగి రాసుకోండి. ఆమెతోపాటు ఆ పాట వెళ్లిపోకముందే.

యెహోషాపాతు రాజు యుద్ధానికి వెళ్తూ సైన్యానికి ముందు గాయకులను నడిపించాడు (2 దినవృత్తాంతములు 20:21). శత్రువుకు ఎదురుగా మొదట వెళ్లింది కత్తి పట్టినవాడు కాదు, స్తుతి పాడినవాడు. ఫిలిప్పీ చెరసాలలో పౌలు సీలలు అర్ధరాత్రి పాడినప్పుడు వారి సంకెళ్లే కాదు, అందరి సంకెళ్లూ ఊడిపోయాయి (అపొ. కార్య 16:25-26). విశ్వాసి పాటకు ఉన్న గుణం అదే. పాడినవాడికి మాత్రమే మేలు చేసి ఆగదు, పక్క గదిలో ఉన్నవాడి తలుపు కూడా తెరుస్తుంది.

ఈ ఏడాది మీ పిల్లలు పాటల పుస్తకాలు చంకన పెట్టుకుని బయల్దేరినప్పుడు, వాళ్ల తలల మీద చేతులుంచి ప్రార్థించి పంపండి. వాళ్ల పాట వల్ల ఎవరి బాకీ తీరుతుందో, ఎవరి చదువు నిలబడుతుందో, ఏ ఇంట్లో సునాదం వినబడుతుందో ముందే అడిగి తెలుసుకోండి. తిరిగొచ్చాక వాళ్లకు కడుపునిండా భోజనం పెట్టి, కంటినిండా నిద్రపోనివ్వండి. దేవుడు వారి రాకపోకలను కాపాడునుగాక!